ఐలన్న కచేరీ క్యాసెట్టు

ముత్తంగి ఐలన్న వేళ్లు చూస్తే ఆయన వాయిద్యం వాయిస్తాడని ఎవరూ అనుకోరు. పటాన్‌చెరులో మేం పనిచేసిన ఫ్యాక్టరీలో, ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో పట్టుకుని రెండు టన్నుల సుత్తి కింద పద్నాలుగేళ్లు తిప్పిన వేళ్లవి. నేను అక్కడ స్టోర్స్ చూసేవాణ్ని.

హైదరాబాద్‌లో పాతసామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో ఐలన్నకు ఒక పాత కీబోర్డు దొరికింది. అందులో నాలుగు మీటలు పలకవు. రిపేరు చేసేవాడు దొరక్క, ఆ నాలుగు స్వరాలు అక్కర్లేని పాటలు తనే కట్టుకున్నాడు. ఎలక్ట్రీషియన్ చిన్నరాములు పాత రబ్బరు బెల్టు ముక్కలు కోసి, వాటికింద ఏవేవో వైర్లు కలిపి, ఒక్కో ముక్క కొడితే ఒక్కో దరువు వచ్చే డబ్బా చేశాడు. డోలు లేదు, సన్నాయి లేదు, పాడేవాళ్లు అసలే లేరు. జనం వాళ్లను కరెంటు పార్టీ అనేవారు. వాళ్లు మొదటిసారి ప్లగ్గు పెట్టినప్పుడు రుద్రారం దాకా ఫ్యాన్లన్నీ ఆగిపోయాయని నేను మా మనవళ్లకు చెబుతుంటాను. ఆగింది మా స్టోర్స్‌లో ఒక్క ఫ్యానే. అది అంతకు వారం ముందే పాడైంది.

తొంభై అయిదు ఎండాకాలంలో డాక్టరు ఐలన్న చెవులు పరీక్షించి, కుడిచెవి పోయిందని, ఎడమది ఇంకో ఏడాది ఉంటే గొప్పని చెప్పాడు. సుత్తి మోత తినేసింది. ఐలన్న తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"సార్, నాకు పాట రాసుడు రాదు. చెవుల ఉన్నది, వేళ్లల్ల ఉన్నది. చెవి పోయినంక వేళ్లు ఎన్నొద్దులు యాదుంచుకుంటయి? ఒక్కసారి వీడియో తీపిచ్చుకుంట."

"టేప్‌రికార్డర్ల పట్టుకోరాదు?"

"వేళ్లు గూడ కనబడాలె సార్. రేపు ఎవలన్న నేర్సుకుంటమంటే సూపియ్యాలె గద. నాకు ఇనబడకున్నా ఇంట్ల మోగుతుంటది."

ఏడాదిలో సుత్తులు పూర్తిగా ఆగేది ఆయుధపూజ ఒక్కరోజే. ఆ రోజు యంత్రాలకు బంతిపూల దండలు వేసి, షెడ్డులో కచేరీ పెట్టాం. పటాన్‌చెరులో పెళ్లిళ్లకు వీడియో తీసే భీమశంకరం కెమెరా భుజాన వేసుకుని వచ్చాడు. ఐలన్న పాట పాటకూ ఆయన వైపు చూసి, కెమెరా తన వేళ్ల మీదికి తిప్పమని గడ్డంతో సైగ చేశాడు. భీమశంకరం తిప్పాడు కూడా. ఎనిమిది పాటలు వాయించారు. బిహారు నుంచి వచ్చిన కూలీలు ఆరో పాటకు ఈలలు వేసి, మళ్లీ వాయించమన్నారు. అంత బాగా ఐలన్న అంతకు ముందు వాయించలేదు.

క్యాసెట్టు మాత్రం వెంటనే రాలేదు. కార్తీకం పెళ్లిళ్లు అయ్యాకనే అన్నాడు భీమశంకరం. దీపావళి వెళ్లిన పదిరోజులకు ఐలన్న ఎడమచెవి కూడా మూతపడింది. డాక్టరు చెప్పిన ఏడాదిలో ఆరునెలలైనా కాలేదు. ఒక ఆదివారం కీబోర్డు ముందు కూర్చుని వాయించాడట. సగంలో వేళ్లు ఒక మీట పక్కకు జరిగాయి, ఆయనకు తెలియలేదు. అట్లాగే పాటంతా తప్పుగా, నవ్వుతూ వాయించాడు. ఆ తర్వాత ఆయన భార్య మొగులమ్మ కీబోర్డును దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టింది. ఇక క్యాసెట్టే దిక్కు.

డిసెంబరులో క్యాసెట్టు వచ్చింది. నేను కిరాయికి వీడియో డెక్కు తెచ్చాను. ఐలన్న ఇంట్లో నేను, చిన్నరాములు, మొగులమ్మ చాప మీద కూర్చున్నాం. ఐలన్న టీవీ పక్కనే స్టూలు వేసుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. మోత చేతికి తెలుస్తుందట.

తెర మీద మొదట రెండు గులాబీలు విచ్చుకున్నాయి. ఒకదానిలో ఐలన్న పేరు, ఇంకోదానిలో చిన్నరాములు పేరు, మధ్యలో కొట్టుకుంటున్న గుండె బొమ్మ.

"ఓ రాములూ," అంది మొగులమ్మ, "నాకు సవితివెప్పుడైనవురా!"

"ఊకో వదినా! జర సూడనియ్యి," అన్నాడు చిన్నరాములు, సిగ్గుతో ముఖం పక్కకు తిప్పుకుని.

మేమింకా నవ్వుతుండగానే కచేరీ మొదలైంది. తెర మీద ఐలన్న వేళ్లు మీటల మీద పరుగెత్తుతున్నాయి. టీవీలోంచి వస్తున్నది ఆ సంవత్సరం ప్రతి పెళ్లిలోనూ మోగిన సినిమా పాట. అది అయిపోతే ఇంకోటి. మొగులమ్మ నా వైపు చూసింది. నేను చిన్నరాములు వైపు చూశాను. అతను చాప పీచులు లాగుతున్నాడు.

ఐలన్న మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. జీవితంలో అబద్ధమాడటానికి నేనెప్పుడూ తడుముకోలేదు. ఆయన మా ముఖాల్లోకి చూసినప్పుడు తల ఊపుదామనుకున్నాను. మెడ కదల్లేదు.

కాసేపటికి ఆయన తెర మీది వేళ్ల మీద చూపు నిలిపి, టీవీ మీది అరచేతితో లెక్క పట్టసాగాడు. నవ్వు పోయింది.

"రాములూ, నా వేలు పడ్డప్పుడు ఇది అదురుతలేదు. ఇది నీ దెబ్బ గాదు. ఏందిది?"

చిన్నరాములు లేచి టీవీ ఆపేశాడు.

మర్నాడు నలుగురం భీమశంకరం దుకాణానికి వెళ్లాం. ఆయన మమ్మల్ని చూసి సంబరపడ్డాడు.

"ఎట్లున్నది సార్? అన్నీ హిట్ పాటలే ఏపిచ్చిన!"

"మా మ్యూజిక్ ఏది శంకరన్నా?" అన్నాడు చిన్నరాములు.

"ఏం మ్యూజిక్? అండ్ల మాటల్లేవు, పాడినోడు లేడు. హైదరాబాద్ మిక్సింగాయన మైకు టెస్టింగ్ అనుకున్నడు. లైవ్ చప్పుడు ఎవలన్న ఉంచుకుంటరా? గిన్నెల మోత, ముసలోళ్ల దగ్గు... తీసేసి పాట ఎక్కిచ్చుడే మా పని."

"ఒరిజినల్ క్యాసెట్టు?"

భీమశంకరం ముఖంలో సంబరం పోయింది. "దాని మీద పటేల్‌గూడ పెండ్లి పట్టిన," అన్నాడు మెల్లగా. "అందరివీ గట్లనే పడతం సార్."

మొగులమ్మ ఆయన్ను తిట్టడానికి నోరు తెరిచి, ఆ క్యాసెట్టే తియ్యమంది. ఆయన ఎవరికీ చెయ్యని తప్పేమీ చెయ్యలేదు. అన్ని పెళ్లిళ్లకూ చేసినట్టే దీనికీ చేశాడు.

చాలాసేపు వెతికి భీమశంకరం ఆ క్యాసెట్టు బయటకు తీశాడు. పెళ్లి తలంబ్రాల దగ్గర ఇది తీసేసి కొత్త క్యాసెట్టు పెట్టాడట. అందుకని దీని చివర మా కచేరీ మూడు నిమిషాలు చెరగకుండా మిగిలింది. దుకాణంలోని టీవీలో అది వేశాడు. మా మేనేజరు అందరికీ కృతజ్ఞతలు చెబుతున్నాడు. క్యాంటీనుకు, షామియానాకు, గేటు దగ్గర సెక్యూరిటీకి. ఆయన వెనకాల మూలన ఐలన్న, ఆఖరి పాటకు సిద్ధంగా, ఒక మీట మీద వేలు నొక్కిపెట్టి కూర్చున్నాడు. మేనేజరు మాటల కింద ఒకే ఒక్క సన్నని స్వరం సాగుతూ ఉంది.

ఐలన్న టీవీ మీద చెయ్యి పెట్టాడు. అంత సన్నని మోత ఆయన అరచేతికి అందినట్టు లేదు. మొగులమ్మ వైపు తిరిగాడు.

"మోగుతున్నదా?"

ఆమె తల ఊపింది.

"ఎట్లున్నది?"

ఆమె చిన్నరాములు వైపు చూసింది. చిన్నరాములు పెదాలు సాగదీసి ఆ స్వరాన్ని పలికి చూపించబోయి, మధ్యలో మానేశాడు. తెర మీద మేనేజరు నమస్కారం పెట్టి పక్కకు తప్పుకున్నాడు. ఐలన్న రెండో చెయ్యి పైకి లేపాడు. అంతే, తెర నిండా చుక్కలు.

"అటెనుక?" అన్నాడు ఐలన్న.

భీమశంకరం నేల చూపులు చూస్తూ, ఆయనకు వినపడదని మరిచిపోయి, మామూలు గొంతుతోనే చెప్పాడు. "బువ్వలు మొదలైనయన్నా. కెమెరా అటు దీస్కపోయిన."

తర్వాత ఆయన క్యాసెట్టు బయటకు తీసి, దాని మీద ఇంకెవరూ ఏమీ పట్టకుండా వెనకాల ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను స్క్రూడ్రైవర్‌తో విరిచేసి, రెండు చేతులతో ఐలన్నకు ఇచ్చాడు. ఐలన్న దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, మాకంటే ముందు మెట్లు దిగాడు. రోడ్డు మీద లారీ ఒకటి ఆగకుండా హారన్ కొడుతూ వస్తోంది. మొగులమ్మ పరుగెత్తి ఆయన రెక్క పట్టుకుని పక్కకు లాగింది.