చెంపతో వేడి చూసుకునే ఇల్లు

అందరూ కులాసాగా ఉన్నారా అండీ... పెదవేగి సరోజినిగారూ, మోకాళ్ల నొప్పి కాస్తయినా తగ్గిందా? గుండుగొలను మాస్టారూ, కంటి ఆపరేషన్ అయ్యాక ఎండలో తిరగడం లేదు కదా? మీ కోడలికి జ్వరం తగ్గిందో లేదో రాయనేలేదు మీరు. ఎవరైనా కొన్నాళ్లు ఈ గ్రూపులో కనబడకపోతే నాకు అన్నం సయించదు. నా సంగతి అడగకండి... బీపీ ఉంది, బెంగ ఉంది. ఈసారి బెంగంతా ఏలూరులో ఉన్న మా తమ్ముడు సూరిబాబు గురించి.

మా చిన్నప్పుడు భీమడోలులో మా వసారా నిండా మూతలు విప్పిన యాంప్లిఫయర్లే... నాన్న మైకుసెట్లు బాగుచేసేవారు. కొల్లేటి లంకలవాళ్లు వాటిని గోనెసంచుల్లో చుట్టి, పడవ మీద దాటించి తెచ్చేవారు. చెమ్మకు లోపల అతుకులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉండేవి. మూత తీయగానే వసారా అంతా చేపల వాసన. "ఇది మైకా, చేపల బుట్టా?" అని అమ్మ సణిగేది.

నాన్న దగ్గర లెడ్డు కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్లు రెండు ఉండేవి. రేకుకు తీగ అతకడానికి లావుది, సన్న తీగలకు మొన కోసుగా ఉన్నది. లావుదాంతో సన్నపని చేస్తే పక్కనున్నవి మాడిపోతాయి. సన్నదాంతో రేకు మీద చేస్తే లెడ్డు కరిగినట్టే కనబడుతుంది గానీ గట్టిగా పట్టదు... మర్నాటికి ఊడుతుంది. ఇదంతా తమ్ముడికి చెబుతుంటే, నేను పప్పులో రాళ్లు ఏరుకుంటూ వినేదాన్ని. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఈ చదువు ఒక్కటి చెవిన పడింది.

పాత అతుకు ఊడదీయడానికి అప్పట్లో లెడ్డు పీల్చే పంపులు గట్రా లేవు. పాడైపోయిన మైకు వైరు పైతోలు ఒలిస్తే లోపల రాగి తీగల జడ ఉంటుంది. దాన్ని సాంబ్రాణిలా ఉండే పసుపు బంకలో అద్ది, అతుకు మీద పెట్టి, పైన ఐరన్ ఆనించేవారు. కరిగిన లెడ్డంతా జడలోకి ఎక్కిపోయేది... వత్తి నూనె పీల్చుకున్నట్టు.

ఐరన్ కాగిందో లేదో నాన్న చెంప దగ్గరకు తెచ్చుకుని చూసేవారు. ఆనించరు... కాస్త ఎడంగా పట్టుకుంటారు. సెగ తగలగానే "ఊఁ" అని పనిలోకి దిగేవారు. నేను భయంతో కళ్లు మూసుకునేదాన్ని. బొగ్గుల ఇస్త్రీపెట్టెను అమ్మ కూడా అలాగే చూసేది. మా ఇంట్లో వేడి చూడడమంటే చెంపతోనే.

నాన్న పోయాక తమ్ముడు ఏలూరులో చిన్న దుకాణం పెట్టుకున్నాడు. మైకుసెట్లు తగ్గి, గిటార్లూ వాటి యాంప్లిఫయర్లూ రావడం మొదలైంది. పెళ్లిళ్లలో వాయించే బ్యాండువాళ్లు, గరగరమంటోందనో మధ్యలో ఆగిపోతోందనో పట్టుకొచ్చేవారు. అతను విప్పి, తట్టి, చెవి పెట్టి విని, తెగిన తీగ ఎక్కడుందో పట్టేసేవాడు.

పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది.

దేవుడి దయవల్ల మాట తిరిగి వచ్చింది. కుడిచెయ్యి కూడా కదులుతోంది. కుడివైపు స్పర్శ మాత్రం రాలేదు. చిన్న చిన్న పనులు చేసుకోవచ్చని డాక్టరుగారు అన్నారట. ఆ మాట వినగానే స్నానం చేసి, బల్ల ముందు కూర్చుని, ఐరన్ స్విచ్ వేశాడు. అలవాటు ప్రకారం కుడిచెంప దగ్గరకు తెచ్చాడు. సెగ తెలియలేదు. ఇంకా కాగలేదనుకుని మరికాస్త దగ్గరకు...

"వాసన వచ్చిందాకా తెలియలేదక్కా," అన్నాడు ఫోనులో.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మా మరదలు పద్మ సామాను అంతా అటకెక్కించేసింది. "ఆయన తిట్టినా పడతాను గానీ మళ్లీ ఆ కాలిన చెంప చూడలేను వదినగారూ," అని ఏడ్చింది. ఆవిడ మాటా నిజమే. కానీ తమ్ముడు రోజంతా ఆ ఉత్త బల్ల ముందే కూర్చుంటున్నాడట... భోజనానికి పిలిచినా లేవడట.

నేనుండేది తాడేపల్లిగూడెంలో, మా అమ్మాయి దగ్గర. ఉండబట్టలేక ఈ సామాను దొరికే దుకాణానికి వెళ్లి, గిటారు యాంప్లిఫయర్లు బాగుచేసే ఐరన్ కావాలని అడిగాను. "గిటారు మీరు వాయిస్తారా మామ్మగారూ?" అన్నాడు ఆ అబ్బాయి నవ్వుతూ. సంగతి చెప్పాక నవ్వు ఆపేసి, ఓపిగ్గా అన్నీ చూపించాడు. ఒకదానికి పెట్టె ఉంది... ఎంత కాగిందో దాని మీద అంకెలు కనబడతాయి, తిప్పితే తగ్గుతుంది. ఇంకొకటి తుపాకీలా ఉంది... అతుకు తనే కరిగించి, లెడ్డు తనే పీల్చేస్తుంది. ఎడమచేత్తో పట్టుకుని ఊడదీసుకోవచ్చు. కానీ ఎత్తి చూస్తే బరువు. మామూలు పంపయితే తేలికే, కాకపోతే ఐరన్ ఒక చేత, పంపు ఒక చేత ఉండాలి... స్పర్శలేని చేతిలోంచి ఏది జారినా తెలియదు కదా. ఏమీ తీసుకోకుండానే వచ్చేశాను.

తమ్ముడికి ఫోను చేసి అన్నీ చెప్పాను.

"అంకెలు చూసి పని చేస్తానక్కా," అన్నాడు. "చెయ్యి చెంప దగ్గరకు పోకుండా ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను," అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. అవతల పద్మ కూడా వింటోంది. వదినగారు పక్కన కూర్చుంటానంటే సామాను కిందికి దింపుతానంది... ఒక్కరోజుకే, మళ్లీ ఎక్కించేస్తానంది.

ఇప్పుడు ఏది పాడైనా విప్పేవాళ్లు లేరండీ, పారేసేవాళ్లే. విప్పడం తెలిసినవాడేమో ఇలా కూర్చున్నాడు... మీ ఇళ్లలో ఇలా స్పర్శ పోయినా చేతిపని వదలనివాళ్లు ఎవరైనా ఉంటే, దేంతో చేస్తున్నారో, ఎలా పట్టుకుంటున్నారో దయచేసి కింద రాయండి. బుధవారం లోపల రాస్తే ఆ వస్తువే కొని పట్టుకెళతాను. వచ్చే గురువారం పొద్దున రైలుకి ఏలూరు వెళుతున్నాను.