ఒక పేరు, రెండు వరసలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను విశాఖపట్నం నుంచి పలాస దగ్గర ఒక డయాలసిస్ కేంద్రానికి పంపారు. అప్పుడు నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సీనియర్ ప్రోగ్రామర్‌ని. తెర మీద ఏ అక్షరం, ఏ గడి ఎక్కడ నిలబడాలో చూడడం నా పని. బయటివాళ్లకు అదంతా సోకుల పనిలా కనిపిస్తుంది. మా మేనేజరుకూ అలాగే కనిపించేది.

కేంద్రం వాళ్ల ఫిర్యాదు ఒక్క ముక్క: హాల్లో పెట్టిన టీవీ బోర్డు మీద వరసలు వంకరగా ఉన్నాయి. ఆ బోర్డు మా కంపెనీలోనే వేరే జట్టు చేసింది. ఎడమ పక్క రోగి పేరు, కుడి పక్క అతని వంతు. ఈ రోజు వాళ్లకు మంచం నంబరు, వాళ్ల కింద మర్నాటి వాళ్లకు 'రేపు' అన్న మాట. అంతకుముందు సిస్టర్ గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచేదట. పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి, ఎంతమందినని పిలుస్తుంది?

నేను వెళ్లేసరికి అప్పారావు అనే నౌపడ ఉప్పుమడుల కూలీని ఆటోలోంచి దింపి స్ట్రెచర్ మీద లోపలికి తోస్తున్నారు. ఒళ్లంతా నీరు పట్టింది, ఊపిరి అందడం లేదు. అతని వంతు ముందు రోజు. మంచం దగ్గరికి రాకపోతే సిస్టర్ ఫోన్ చేసింది, ఎత్తలేదు. బస్సు దొరక్కో, ఓపిక లేకో రానివాళ్లు ఎప్పుడూ ఉంటారు గనక ఆ మంచం మీద ఇంకొకరిని పడుకోబెట్టింది. ఇప్పుడు మెషీను తగిలించేలోపే అతను పోయాడు.

అతని భార్య గోడవారగా కూలబడింది. బోర్డు సంగతి చూడడానికి వచ్చానని ఎవరో చెబితే నా వైపు తిరిగింది.

"నిన్న వచ్చినామమ్మా. బోర్డు సూసి, రేపంట, ఎల్లిపోదాం అన్నాడు. సిస్టరమ్మని ఓపాలి అడగమన్నాను. అంత పెద్ద టీవీలో ఏసినారు, మళ్లీ అడిగేదేటి అన్నాడు."

నిన్నటి జాబితాను తెర మీదికి తెప్పించి చూశాను. అదే ఇంటిపేరుతో ఇంకో అప్పారావు ఆ వారమే చేరాడట. గుర్తు తెలియడానికి సిస్టర్ ఈ అప్పారావు పేరుకు తండ్రి పేరూ ఊరూ కలిపింది. ఇక్కడ అందరూ చేసేదే. దాంతో 'లక్ష్మయ్య కొడుకు' అని పై వరసలోనూ, 'అప్పారావు, నౌపడ' అని కింది వరసలోనూ పడింది. మంచం నంబరు పై వరస పక్కన ఉంది. కింది దాని పక్కన 'రేపు' ఉంది. పాపం, తన పేరు వెతుక్కుని, పక్కనున్న మాట చదువుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు మంచం ఉన్నవాళ్లలో అతనే చివర. కింద ఉన్నవన్నీ 'రేపు'లే గనక పొరపాటు ఇంకెవరికీ తగల్లేదు.

తప్పు ఎక్కడో చూడగానే తెలిసింది. పేర్లు ఒక దొంతరగా, వంతులు వేరే దొంతరగా పేర్చారు. ఒక పేరు రెండు వరసలకు పెరిగితే కింది పేర్లన్నీ జారతాయి, వంతులు కదలవు. ఆఫీసులో రవి, లత అని పెట్టి పరీక్షించారు.

మేనేజరుకు ఫోన్ చేశాను. పొడుగు పేర్లను కత్తిరించి చుక్కలు పెట్టేయమన్నాడు. అప్పుడు 'లక్ష్మయ్య కొడుకు' అన్నంతవరకే మిగిలి అసలు పేరే పోతుందన్నాను. ఈలోగా సిస్టర్ కంప్యూటర్లోంచి చనిపోయినతని పేరు తీసేసింది. బోర్డు మీద ఇంకా ఉన్న నిన్నటి జాబితా తిన్నగా నిలబడింది. ఆ మాట చెబితే, అయితే సరిపోయింది, వచ్చేయండి అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

"మనిషి పోతే తిన్నగా అయింది సార్. మనం చేసిందేమీ లేదు," అని పెట్టేశాను.

బండి కోసం ఎదురుచూస్తూ ఆవిడ మళ్లీ నా దగ్గరికొచ్చింది.

"నిన్న ఆయనది ఏ మంచమమ్మా?"

ఆరో నంబరని చెప్పాను. గుమ్మం దాకా వెళ్లి ఆ మంచం వైపు చూసింది. దాని మీద ఎవరో పడుకుని ఉన్నారు.

సాయంత్రానికి పేరునూ వంతునూ ఒకే వరసకు కట్టేశాను. పేరు ఎంత పెరిగినా దాని వంతు దాన్ని వదలదు. సిస్టర్ మాత్రం మళ్లీ పేర్లు పిలవడం మొదలుపెట్టింది, నేను వద్దనలేదు. తెర మీద ఏది వంకరగా ఉందన్నా, అది చూసుకుని ఎవరు ఎటు వెళ్తున్నారో ముందు అడగాలని ఆ ఊళ్లో నేర్చుకున్నాను.