పొరలక్క గీసిన సముద్రం

కొత్త ఫైలు దిగీ దిగకముందే పొరలక్క వేళ్లు కీబోర్డు మీద పడ్డాయి. ఏ రోజు, ఎంత లోతు, ఎంత ఉత్తరాన, ఎంత తూర్పున అని నాలుగూ చెబితే ఆ ఫైలు ఒక్క అంకె ఇస్తుంది. అది అక్కడి నీళ్ల వేడి. సముద్రాన్ని పొరలు పొరలుగా కోసి, ఒక్కో పొరను గళ్లు చేసి, గడికో అంకె పెట్టినట్టు ఉంటుంది లోపల. మొత్తం ఒకేసారి తెరిస్తే ఆఫీసు కంప్యూటర్ మూర్ఛపోతుంది. అందుకని ఆమె కావలసిన ముక్కనే కోసి తీసుకుంటుంది.

ఆమెకు ఈ పని ఎవరూ నేర్పలేదు. రేవు పక్కనున్న సముద్ర పరిశోధన కార్యాలయంలో టైపు చేయడానికి చేరి, పాడైన ప్రోగ్రాములను విప్పి బిగిస్తూ నేర్చుకుంది. నోరు తెరిస్తే పొరల మాటే కాబట్టి రేవంతా ఆ పేరు ఖాయం చేసింది.

వెనక స్టూలు మీద మరిది కూర్చుని కాళ్లూపుతున్నాడు. అతనిది చేపల పడవ. వెచ్చటి నీళ్లూ చల్లటి నీళ్లూ కలిసే గీత దగ్గర చేపలు గుమిగూడతాయి. ఆ గీత ఎక్కడుందో వదిన మ్యాపు చెబుతుందని ఊదరగొట్టి తోటి పడవలవాళ్లను ఒప్పించాడు. పడవల పెద్ద మాత్రం తేల్చి చెప్పాడు: ఈ ఒక్కసారి ఆ మ్యాపు చూసి వెళతాం, వల ఖాళీగా వస్తే ఆ కాగితం ఇంకెప్పుడూ రేవులో కనపడకూడదు. మధ్యాహ్నానికి పడవలు బయలుదేరాలి.

తెర మీద మ్యాపు వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకటే నీలం, అంటే అంతా చల్లటి నీళ్లే. గీత లేదు.

"ఇదేంటి వదినా, సముద్రానికి నీలి సున్నం కొట్టించినట్టుంది? ఈ చలికి చేపలు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాయేమో!"

"నోరు మూస్తావా, మీ అన్నయ్యను పిలవమంటావా?"

"ఆయనే నీకు భయపడతాడు. నన్నేం చేస్తాడు?"

పొరలక్క తెర మీదికి వంగింది. కొత్తచోటి నుంచి ఫైలు వస్తే ముందు తెలిసిన ఒక చోటును అడిగి, థర్మామీటరు చెప్పినదానితో సరిచూడటం ఆమె అలవాటు. ఇవాళ్టి ఫైలు కొత్తచోటి నుంచి వచ్చిందే అయినా, మరిది ముందు చకచకా గీసి చూపిద్దామన్న సరదాలో అది ఎగ్గొట్టింది.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడ వల వేశావు? ఫోనులో ఆ చోటు ఉంటుందిగా, చదువు. నీళ్లెలా ఉన్నాయి?"

"గోరువెచ్చగా, హాయిగా ఉన్నాయి," అంటూ మరిది ఫోను తీసి అంకెలు చదివాడు.

ఫైలు పేద్ద మైనస్ అంకె ఇచ్చింది. నేల ఉన్న గడిలో నీళ్లుండవు కాబట్టి, అక్కడ ఏ సముద్రానికీ రాని అంకె ఒకటి పెడతారు. పొరలక్క ఆ చోటును ఊరి మ్యాపులో వెతికి, మెల్లగా కుర్చీ తిప్పింది.

"మరిదిగారూ, తమరి పడవ నిన్న ఫుట్‌బాల్ మైదానంలో తిరిగినట్టుంది. చేపలు బాగా పడ్డాయా?"

మరిది కాళ్లూపడం ఆపేశాడు. "వదినా, నీ కాళ్లు పట్టుకుంటా. నీ తోడికోడలికి చెప్పకు. వేటకెళ్లాననే చెప్పాను."

"లేవరా బాబూ, నీ అబద్ధం నాకు పనికొచ్చింది. మైదానం నేల మీదే ఉందంటే ఉత్తరం, తూర్పు సరిగానే ఉన్నాయి. తేడా ఇంకెక్కడో ఉంది. నిన్న నిజంగా సముద్రం మీదున్న మనిషికి ఫోను కొట్టు."

మరిది పడవల పెద్దకే ఫోను చేయాల్సి వచ్చింది. ఆయన విసుక్కుంటూనే తన చోటూ, థర్మామీటరు చూపినదీ చెప్పాడు. ఫైలు అక్కడ దానికన్నా ఎంతో చల్లగా ఉందంది.

ఇక మిగిలింది లోతు. పొరలక్క లోతుల వరుసను తెర మీదికి తెప్పించి, నుదురు కొట్టుకుంది. పాత ఫైళ్లలో మొదటి పొర అంటే పైపొర. ఈ కొత్తవాళ్లు కింద నుంచి మొదలుపెట్టారు. ఆమె "మొదటి పొర" అని అడిగితే, అది బుద్ధిగా సముద్రం అడుగునున్న పొరను తెచ్చి పెట్టింది.

"అంటే ఇందాక మమ్మల్ని సముద్రం అడుక్కి పంపబోయావన్నమాట," అన్నాడు మరిది, ధైర్యం తిరిగొచ్చి.

"పంపినా నువ్వు మైదానానికేగా వెళ్లేది!"

ప్రోగ్రాములో "మొదటి పొర" కొట్టేసి, "అన్నిటికన్నా తక్కువ లోతున్న పొర" అని రాసింది. ఎవరు ఏ వరుసలో పేర్చినా ఇక తిప్పలుండవు. పెద్ద చెప్పిన చోటును మళ్లీ అడిగింది. ఈసారి రెండు అంకెలూ దాదాపు కలిశాయి. అప్పుడే మ్యాపు గీసింది. ఎరుపూ నీలమూ విడివిడిగా వచ్చాయి. వాటి మధ్య గీత, రేవుకు ఆగ్నేయంగా, వంకర తిరిగి కనిపించింది.

కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తనే మెట్లు దిగింది. పడవల పెద్ద దాన్ని అందుకుని తలకిందులుగా పట్టుకున్నాడు. ఆమె తిప్పి పెట్టింది.

"ఇదేనా? నమ్మమంటావా?"

"నమ్మకండి. నిన్న మీరు కొలిచిన చోటు ఇదిగో, ఇక్కడ చుక్క పెట్టాను. మీ అంకెతో పోల్చుకోండి."

ఆయన చుక్కను చూశాడు, దాని పక్కనున్న అంకెను చూశాడు. కవరును చొక్కా లోపల దోపుకుని, తాళ్లు విప్పమని కేకేశాడు.