మారెమ్మ మలుపులో గంట

ఇదివరకు పొద్దు వాలే వేళకు నేను వాకిట్లో సైకిలు తలకిందులుగా నిలబెట్టుకుని కూర్చునేదాన్ని. చక్రం మెల్లగా తిప్పుతూ, టైరులో దిగిన రేగుముళ్ళు, తుమ్మముళ్ళు పిన్నీసుతో తీసేదాన్ని. మా ఆయన అరుగు మీద సంగటి తింటూ ఏ ముల్లు ఏ బాటలో గుచ్చుకుందో చెప్పేవాడు. ఇప్పుడు ఆ వేళకు తలుపు వేసుకుంటాను. సైకిలు పోలీసుస్టేషను గోడకు ఆనించి ఉంది. కడ్డీలకు రక్తం ఎండి నల్లబడిపోయిందని చూసినవాళ్ళు చెప్పారు.

మొగుడి పేరు నోటితో పలకకూడదంటారు. రాయడమే కాబట్టి రాస్తున్నాను. ఓబుళేసు.

ధర్మవరం షావుకారు దగ్గర పట్టు పడుగు కట్టించుకుని మా ఊరి మగ్గాలకు తెచ్చేవాడు. నేసిన చీరలు తిరిగి తీసుకుపోయేవాడు. రోడ్డు గుట్ట చుట్టూ తిరిగిపోతుంది. ఆయన గుట్ట మీదుగా పోయేవాడు. పైన అంతా బందారు పొదలు, సీతాఫలం చెట్లు, బండలు. మేకల బాట, కట్టెలవాళ్ళ బాట, వాన కోసిన వంక బాట ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ చీలతాయో ఆయనకు తెలుసు. ముళ్ళు ఇరుక్కుంటాయని మడ్‌గార్డులు పీకేశాడు. నిటారు దిగుడులో బ్రేకులు పట్టవు గనక వెనక ఒక బందారు కొమ్మ కట్టి ఈడ్చుకుంటూ దిగేవాడు.

గుట్ట నడుమ మలుపులో మారెమ్మ రాయి ఉంది. నడిచేవాళ్ళు ఆగి దండం పెడతారు. సైకిలు మీదున్నవాడు అక్కడ చెయ్యి వదిలితే పల్లంలో పడి చస్తాడు. అందుకని మా ఆయన గంట కొట్టేవాడు. అదే ఆయన దండం. ఆయన్ని చూసి మిగతా సైకిళ్ళవాళ్ళూ అలవాటు చేసుకున్నారు.

మా ఊరు సగం చిన్నప్పది, సగం ఈశ్వరప్పది. సర్పంచి ఎన్నికప్పుడు ఇద్దరికీ పగ మొదలైంది. ముందు గడ్డివాములు కాల్చారు, తరువాత ఎద్దుల కాళ్ళు నరికారు, ఆపైన మనుషుల దాకా వచ్చారు. మగ్గాలు రెండు వైపులా ఉన్నాయి. ఆయన రెండు వైపులకూ పడుగు మోశాడు. ఏ పార్టీ మనిషీ అనిపించుకోకూడదనేది ఆయన పంతం. ఒకసారి ఈశ్వరప్ప మనుషులు అడ్డగించి నువ్వెవరివాడివిరా అని గద్దించారట.

“పడుగుకు పార్టీ యాడుండాదన్నా? మీ ఇంట్లో ఆడోళ్ళు కట్టేదీ ఈ చీరలే కదా,” అన్నాడట ఈయన. వాళ్ళు నవ్వి వదిలేశారు.

డెబ్బై తొమ్మిదిలో, చెనిక్కాయ పీకే రోజుల్లో, మిట్టమధ్యాహ్నం చిన్నప్ప తమ్ముడు బయ్యన్న చేలో ఉండగా ఈశ్వరప్ప మనుషులు బాంబులు వేశారు. పొగలోంచి కొడవళ్ళతో వచ్చారు. తొడ ఎముక కనబడేటట్టు నరికారు. ఎడమచేతి వేళ్ళు తెగి పీకిన కాయల మధ్య పడ్డాయి. ఆసుపత్రి ధర్మవరంలో. రోడ్డుకు అడ్డంగా ఈశ్వరప్ప మనుషులు రాళ్ళు పేర్చి కూర్చున్నారు. చిన్నప్ప తమ్ముణ్ణి మంచం మీద మోయించుకుని మా వాకిట్లోకి వచ్చాడు. నులకలోంచి రక్తం కారుతోంది.

“గుట్ట దాటించు ఓబుళేసూ. ఆ బాటలు ఇంగెవురికీ తెలీవు.”

మా ఆయన మంచం వైపు చూశాడు.

“మనిషి చచ్చిపోతాండాడు గనక మోస్తాండా. నీ మనిషిగా కాదన్నా. రేపు ఈశ్వరప్పన్నకైనా మోస్తా. ఆ మాట నువ్వే ఊర్లో చెప్పాల.”

“సరేలేప్పా,” అన్నాడు చిన్నప్ప.

తరువాతది బయ్యన్న చెప్పగా విన్నదే. అతన్ని క్యారియరు మీద కూర్చోబెట్టి, పంచెతో తన వీపుకు కట్టుకున్నాడట. ఎక్కుడులో కట్టు విప్పి దిగి నెట్టాడు, చదునులో మళ్ళీ కట్టుకుని తొక్కాడు. తొడ రక్తం వెనక చక్రం మీద పడి ఇద్దరి మీదా చిందిందట. ఈశ్వరప్ప మనుషులు కొందరు గుట్ట మీదా వెతుకుతున్నారు. వాళ్ళకు బాటలు తెలియవు, పొదల్లో తడుముకుంటున్నారు. ఇంతలో మారెమ్మ మలుపు వచ్చింది. ఎప్పటిలాగే ఆయన వేలు గంట మీదికి పోయింది.

“అయ్యో, కొట్టేసినా కదప్పా,” అన్నాడట.

పైన రాళ్ళు జారిన చప్పుడు. వెంటనే పంచె విప్పి, బయ్యన్నను పొదలో పడుకోబెట్టి, పైన కొమ్మలు కప్పాడు. తాను సైకిలెక్కి, వాళ్ళు తనవెంట పడేటట్టు గంట కొట్టుకుంటూ వంక బాటలో దిగాడు. చక్రం కింద బాంబు పేలింది. ఎవరి మనిషివిరా అని ఒకడు అడిగాడు.

“ఎవురి మనిషినీ కాదన్నా.”

కొడవలి ఇనుము మీద పడితే ఒక చప్పుడు, ఒంటి మీద పడితే ఇంకో చప్పుడు. రెండూ విన్నానమ్మా అని బయ్యన్న నా ముందు తల వంచుకున్నాడు. అతన్ని గొర్రెలవాళ్ళు కాపాడారు. మా ఆయన్ను బండిలో తెచ్చారు. ముఖం మిగల్లేదు. మడమల పగుళ్ళు చూసి నేను గుర్తుపట్టాను.

దినాలు కాకముందే చిన్నప్ప మనుషులు ఈశ్వరప్ప మేనల్లుడు ఎర్రన్నను పట్టపగలు బస్సులోంచి ఈడ్చి తల నరికారు. ఓబుళేసు పగ తీర్చినామని వచ్చి చెప్పారు. ఎర్రన్న భార్యకు నెలలు నిండి ఉన్నాయి. ఆ పగ నేను అడగలేదు.

మరుసటి ఏడు చిన్నప్ప, ఈశ్వరప్ప రాజీకి వచ్చారు. “మావాడు ఒగడు, మీవాడు ఒగడు. సరిపోయింది,” అన్నాడు చిన్నప్ప పెద్దమనుషుల ముందు. రాజీ భోజనానికి తన పార్టీ ఇళ్ళకల్లా చాటెడేసి బియ్యం పంపాడు, రాళ్ళు ఏరివ్వమని. మా ఇంటికీ వచ్చింది.

పొద్దు నెత్తికెక్కాక చిన్నప్ప అక్క మారెక్క వచ్చింది.

“ఏమ్మే, ఇంగా ఏరలేదా? ఎసరు మరుగుతాండాది ఆడ.”

“ఆయన మీవాడు కాదక్కా. ఈ వాకిట్లోనే చిన్నప్పన్న సరే అన్నాడు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు మా? ఊరు సల్లబడనీ. జరుగు, నేనూ ఏరతా.”

ఆమె కూర్చుని చెయ్యి పెట్టబోయింది. నేను చాట ఎత్తి గడప అవతల పెట్టాను. బియ్యంలో రాళ్ళు పైకే కనబడుతున్నాయి. ఒక్కటీ తీయలేదు.