ఆఖరి మనిషి వెనక

కండక్టర్ మావయ్య ఇక లేరన్న కబురు మాకు కొండ మొదట్లో తెలిసింది. ఆదివారం తెల్లవారుజామున, మల్కాపురం నుంచి యారాడ కొండెక్కే మా పరుగు బృందమంతా బూట్లు బిగించుకుని ఆయన కోసమే చూస్తున్నాం. ఆయన రాలేదు, వాళ్లబ్బాయి ఫోనొచ్చింది. నిద్రలోనే పోయారట. అయ్యో, ముందురోజు సాయంత్రం కూడా ఆయన గొంతు విన్నాం కదా!

ఆయన మా పక్కింటాయన, సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. చుట్టరికం లేకపోయినా నాకు మావయ్యే. షుగరొచ్చి, మోకాళ్లు పట్టేసి నేను మూలుగుతుంటే గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, మంచానికి పాస్ గాని తీసుకున్నావేటి? లెగు!" అన్నారు. అలా లాక్కెళ్లి నన్ను ఈ పరుగు బృందం కుర్రకారులో కలిపారు. ఇవాళ ఈ కాళ్లు నన్ను మోస్తున్నాయంటే ఆయన చలవే.

పరుగులో ఆయన చోటు ఎప్పుడూ చివరే. కండక్టరు వెనకుండాలనేవారు. అందరిలో నిదానం నేను గనక, నా వెనకే ఆయన. తలలు లెక్కపెట్టి "రైట్ రైట్" అంటేగాని ఎవరూ కదలకూడదు. ఎవరైనా వెనకబడితే "ఓల్డాన్!" అని ఒక్క కేక; ముందున్నవాళ్లు ఎంత జోరు మీదున్నా ఆగాల్సిందే. లెక్కలో తనను మాత్రం కలుపుకునేవారు కాదు. "కండక్టరు టిక్కెట్టు తీసుకుంతాడేటి?" అని నవ్వేవారు.

శనివారం సాయంత్రం ఒక్కరే వెళ్లి దారి చూసొచ్చి, మా గ్రూపులో వాయిస్ పెట్టేవారు. శివరాత్రి దాటాక ఆ కొండను అసలు నమ్మేవారు కాదు. మీరూ ఆ రోజుల్లో ఎక్కి ఉంటే తెలుస్తుంది. పైన జీడిమామిడి పూత కమ్మగా వాసనేస్తుంటుంది, కింద ఎండుటాకుల్లో గులకరాళ్లు దాక్కుంటాయి. సముద్రం మీంచి మంచొస్తే ముందున్న మనిషి కనబడడు. పైగా ఈ ఏడాది వాలు మీద గడ్డి అంతా తగలబడి, రాళ్లను పట్టుకునే వేర్లు కూడా మిగల్లేదు. దిగేటప్పుడు వెనక రాయి దొర్లితే చాలు, నేను గభాలున తల తిప్పేదాన్ని.

"ఎనక్కి సూడొద్దన్నానా! నీ కాలు నువ్వు సూసుకో. ఎనకేటున్నా నాను సూసుకుంతాను" అని కసిరేవారు.

ఆయనతో పరుగెత్తిన చివరి ఆదివారం, కిందికి దిగాక ఎప్పట్లాగే లెక్కపెట్టారు. మళ్లీ పెట్టారు. "ఒకరు తగ్గుతన్నారు" అన్నారు. అందరం ఉన్నామని ఒక్కొక్కరం చెయ్యెత్తి చూపించాం. ఆయన వినలేదు. కొండ వైపే చూస్తూ చాలాసేపు నిలబడిపోయారు. "ఎవుల్నీ ఒగ్గేసి రాకూడదమ్మా" అన్నారు చివరికి.

పోయే ముందురోజు పెట్టిన వాయిస్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. "జీడితోట దాటినాక రాళ్లు కదలతన్నాయి. ఆఖరోల్ని ఒంటరిగా ఒగ్గీకండి. నానుంతాను లెండి."

మావయ్య కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక, మొన్న ఆదివారం ఆయన పేరు తలుచుకుని మళ్లీ కొండెక్కాం. "నువ్వు మధ్యలో ఉండక్కా" అన్నారు పిల్లలు. మధ్యలోనే బయల్దేరాను. దిగేటప్పుడు మోకాలు మొరాయించింది, ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. వాళ్లననేం లాభం, ఆ వాలు మీద నిలబడటమే కష్టం. ఎవరో ఒకరు చివరుండాలి. ఇన్నాళ్లూ నా వెనక ఆయన ఉండబట్టే ఆ చివరి మనిషిని నేను కానని అప్పుడు తెలిసింది. భయమేసింది. ఉంటానని చెప్పి వెళ్లిపోయినందుకు మావయ్య మీద కోపమూ వచ్చింది.

తోట దాటాను. వెనక ఒక రాయి దొర్లింది. ఆగింది. ఇంకొకటి దొర్లింది. తల తిప్పలేదు. మంచులో మా వాళ్ల వీపులు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. నాకు తెలియకుండానే నోట్లోంచి ఆయన మాటే వచ్చింది.

"ఓల్డాన్!"

అందరూ ఠక్కున ఆగి వెనక్కి తిరిగారు. నన్నెవరూ చూడటం లేదు. నా భుజం మీదుగా, నా వెనక్కి చూస్తున్నారు. పైన రాళ్లు ఇంకా దొర్లుతూనే ఉన్నాయి.