బైరాగి మావ చోటు

నిరుడు బైరాగి మావ టెక్కలి ఆసుపత్రిలో ఉండగానే పడవలో అతని చోటు వేరొకడికి ఇచ్చేశారు. ఇచ్చింది పడవ పెత్తనం చూసే సొంత తమ్ముడు పోలారావు.

మూలపేట దగ్గర మా ఊళ్ళో, వేట నిషేధం ముగిశాక పడవ దించే రోజున దాని ముక్కు మీద కొబ్బరికాయ కొట్టినవాడే ఆ ఏడంతా పడవలో వెనక నిలబడి దారి తిప్పే తెడ్డు పడతాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కాయ మావదే. నిరుడు దాన్ని పోలారావు తన అల్లుడు కామేశ్ చేతికిచ్చాడు. అలల్లో మావ కాలు తూలి రెండుసార్లు నీళ్ళలో పడ్డాడని, ఈసారి పడితే ప్రాణమే పోతుందని సంజాయిషీ చెప్పాడు. అబద్ధం కాదు. కానీ ఆ మాట మావకి బస్సు దిగాక చేపలమ్మే నూకమ్మ నోట తెలిసింది.

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చూసే షాలిని మేడమ్ పడిపోయే పెద్దవాళ్ళ చేత తాయ్ చీ చేయించేది. చైనావాళ్ళ నెమ్మది వ్యాయామం. మోకాళ్ళు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి మెల్లగా మార్చాలి. చేతులూ ఊపిరీ దానితోపాటే కదలాలి. కాళ్ళకు పట్టు వస్తుందని, తూలడం తగ్గుతుందని, నిద్ర బాగా పడుతుందని చెప్పింది. బీపీ మాత్రలు మాత్రం మానొద్దంది, కిడ్నీ పరీక్షలూ మానొద్దంది.

మావ తెల్లవారుజామున తడి ఇసుక మీద మొదలుపెట్టాడు.

"ఏటి బావా, ఇసక మీద వల ఇసురుతన్నావు?" అంది నూకమ్మ.

"నీ నోరు సిక్కుతాదేమోనని," అన్నాడు మావ, చేతులు దించకుండా.

పడవ ఒడ్డుకొచ్చే వేళకే చిక్కు వచ్చేది. తెడ్డు పట్టి నిలబడ్డ కామేశ్ మీదికి మావ చూపు పోయేది, వెంటనే కాలు తూలేది. అది గమనించుకుని, సముద్రానికి వీపు పెట్టి కొబ్బరితోటల వైపు తిరిగి చేయసాగాడు. వానలు వెనకబట్టేసరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవ ఎక్కగలిగాడు. రాత్రిళ్ళు నిద్రా పడుతోందని అత్త చెప్పింది.

ఈ ఏడు పడవ దించిన రోజు, కాయ కొట్టకముందే, నడుం లోతు నీళ్ళలో ఊగుతున్న పడవలో వెనక చివర నిలబడి, ఊరంతా చూస్తుండగా ఆ కదలికలన్నీ చేశాడు. తూలలేదు. పోలారావు చూశాడు, మెచ్చుకున్నాడు, కాయ మాత్రం మళ్ళీ కామేశ్‌కే ఇచ్చాడు. అన్నని వల లాగడానికి రమ్మన్నాడు. నాకు ఏ పడవలోనూ ఆపాటి చోటు కూడా లేదు. మావ మీద జాలి కలగలేదు, అసూయే కలిగింది.

మొన్న మావ వల బాగుచేస్తుంటే పలకరించాను. కామేశ్‌కి నడుం నొప్పట కదా, నీ దగ్గర తాయ్ చీ నేర్చుకుంటాడట కదా అన్నాను. సూదిలో దారం ఎక్కిస్తూ అన్నాడు:

"షాలినమ్మ కాడికి ఎల్లమన్నాను. బస్సుంది, ఎల్తాడు. నేను సేత్తంటే దూరం నుంచి సూసి నేర్సుకుంటే మాత్రం ఊరుకోను. తెడ్డుతోపాటు అది కూడా ఇచ్చీమంటారేట్రా?"