ప్రొజెక్టరు బొమ్మ

గుణదల శౌరమ్మకు ఒక్కటే ముచ్చట. తన దగ్గర చదువుకున్న టీచర్లలో ఒక్కరైనా గోడమీద బొమ్మలు ఆడించి పిల్లలకు సైన్సు చెప్పాలి. 1971లో ఆమెను హైదరాబాదు పంపి మూడు వారాలు ప్రొజెక్టరు నేర్పించారు. కప్పగుడ్డు తోకకప్ప కావడం తెరమీద చూసి, అంత మనిషీ చప్పట్లు కొట్టింది.

విజయవాడలో ఆమె పాఠాలు చెప్పే టీచర్ల ట్రైనింగు స్కూలుకు ప్రొజెక్టరు వచ్చినప్పుడు, ప్రిన్సిపాల్ బసవపున్నయ్యగారు బీరువా తాళం ఆమె చేతికే ఇచ్చారు.

"వాడుకోండి, నేనొద్దనను. ఏమన్నా అయితే మాత్రం సంజాయిషీ మీదేనండోయ్!"

వద్దనడానికి ఆ మహానుభావుడికి అంతకన్నా మంచి మాట దొరకదు.

శౌరమ్మ ఒక్కసారి తీసింది. బల్బు టప్పున పోయింది. మెమో వచ్చింది, రెండు నెలలు సంజాయిషీలు రాసుకుంది. కొత్త బల్బు వేశాక మళ్లీ ఆ బీరువా తెరిస్తే ఒట్టు. పరీక్షలో ప్రొజెక్టరు మీద ప్రశ్న ఎలాగూ వస్తుంది గనుక ఏటా నల్లబల్ల మీద దాని బొమ్మ గీసేది. లెన్సు, బల్బు, రీలు, ఫ్యాను, పక్కన వాటి పేర్లు చూపే బాణం గుర్తులు. "మీకు అవకాశమొస్తే వాడండమ్మా" అని చెప్పి తన మనసును తానే జోకొట్టుకునేది. పిరికితనానికి జాగ్రత్త అని పేరు పెట్టుకుంది, అంతే.

ట్రైనింగులో ఆ బొమ్మను అచ్చుగుద్దినట్టు గీసిన పిల్ల రామతులసి. ఉయ్యూరు పక్కన ఆమె పనిచేసే బడికి ప్రొజెక్టరు ఇచ్చారని 1977లో తెలియగానే శౌరమ్మ సెలవు పెట్టి బస్సెక్కింది.

వెళ్లేసరికి సైన్సు పాఠం నడుస్తోంది. నల్లబల్ల మీద ప్రొజెక్టరు బొమ్మ. అవే బాణం గుర్తులు. పిల్లలు పలకలమీద దింపుకుంటున్నారు. అసలుది మూలన, దుప్పటి కప్పుకుని, కుంకుమబొట్టుతో కూర్చుంది.

"ఒక్కసారన్నా వేశావా అమ్మా?"

"అమ్మో, పాడైతేనోనండీ?" రామతులసి నవ్వింది. "మీరు మాత్రం ఎప్పుడన్నా తీశారేంటండీ?"

శౌరమ్మకు చెంప పగిలినట్టయింది. సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. విసురుగా వెళ్లి దుప్పటి లాగేసింది. పిల్లలంతా లేచి చుట్టూ మూగారు. ఫిల్ము కొస చేతిలోకి తీసుకుంది. దాన్ని ఎటునుంచి ఎక్కించాలో ఎంతకీ గుర్తుకు రాలేదు.

తల తిప్పి నల్లబల్ల మీది బొమ్మకేసి చూసింది. అందులో ఆ సంగతి లేదు.